కెమెరాకీ ఫోన్‌కీ ఒకే చిన్న మైక్: ఏది చూడాలి?

వేకువ_ఫ్రేమ్ అడిగారు:

నమస్కారం అండి. కానన్ ఎం50 కెమెరా, టైప్-సి ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ వాడుతున్నాను. ఫోన్‌కి 3.5 ఎం.ఎం. జాక్ లేదు. రెండింటికీ పనికొచ్చే చిన్న మైక్ కావాలి. పని మూడు రకాలు: గదిలో కెమెరాకి మీటరున్నర దూరంలో కూర్చుని మాట్లాడటం, బయట నడుస్తూ ఫోన్‌తో తీయటం, అప్పుడప్పుడు ఇద్దరి సంభాషణ.

ఇప్పుడు ఒక పాత షాట్‌గన్ మైక్ ఉంది. బ్యాటరీ లేనిది. కెమెరాకి పెడితే రికార్డవుతుంది గానీ మాట ఆగిన చోటల్లా "స్స్స్" అని వస్తుంది. టైప్-సి నుంచి 3.5 కన్వర్టర్ పెట్టి ఫోన్‌కి తగిలిస్తే మైక్ అసలు పనిచేయదు, ఫోన్ తన సొంత మైక్‌తోనే తీసేస్తోంది. కొత్తది కొంటే ఈ రెండు బాధలూ పోతాయా? ఏ రకం తీసుకోమంటారు?

---

ధ్వని_పని:

మోడల్ పేర్లు తర్వాత. ముందు మైక్ నోటికి ఎంత దూరంలో ఉండబోతోందో చూడండి.

దూరం రెట్టింపైతే నోటి నుంచి నేరుగా వచ్చే మాట 6 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) పడిపోతుంది. గోడల మీద పడి తిరిగొచ్చే శబ్దం మాత్రం గదిలో ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే దూరంగా పెట్టిన మైక్‌లో మాట బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మీటరున్నర నుంచి 20 సెంటీమీటర్లకి తెస్తే మాట దాదాపు 17 డీబీ పెరుగుతుంది. కెమెరా నెత్తిన పెట్టి అంత తేడా తెచ్చే మైక్ ఏదీ లేదు, ఎంత పెట్టి కొన్నా.

షాట్‌గన్ అంటే దూరం నుంచి మాటని లాక్కుంటుందని చాలామంది అనుకుంటారు. అది లాగదు, పక్కల శబ్దాన్ని తగ్గిస్తుందంతే. ముందున్న గొట్టానికి చీలికలుంటాయి కదా, పక్క నుంచి వచ్చే శబ్దం ఒక్కో చీలికలోంచి ఒక్కో క్షణంలో లోపలికి చేరి తనని తానే రద్దు చేసుకుంటుంది. గొట్టం పొడవు శబ్ద తరంగం పొడవంత గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటేనే ఇది బాగా సాగుతుంది. 10 సెంటీమీటర్ల గొట్టమైతే సుమారు 3 కిలోహెర్ట్జ్ పైనే గట్టిగా పనిచేస్తుంది. మగ గొంతు బరువంతా అంతకన్నా చాలా కింద ఉంటుంది. అక్కడ ఆ బుల్లి షాట్‌గన్ మామూలు సూపర్‌కార్డియాయిడ్ (ముందు శబ్దాన్ని ఎక్కువగా, పక్కలది తక్కువగా పట్టే) మైకే. పైగా గదిలో మాట్లాడేవాళ్ల వెనక గోడ మీద కొట్టిన మాట మళ్లీ ముందు నుంచే లోపలికి వస్తుంది, దాన్ని ఏ గొట్టమూ ఆపలేదు.

కాబట్టి గదిలో పనికి: చిన్న డైరెక్షనల్ మైక్ కొన్నా సరే, దాన్ని కెమెరా మీంచి దింపండి. ఒక లైట్ స్టాండు, 3 మీటర్ల 3.5 ఎం.ఎం. ఎక్స్‌టెన్షన్ తీగ చాలు. ఫ్రేమ్ పై అంచుకి కాస్త పైన, నోటికి 40-50 సెంటీమీటర్లలో, ఛాతీ వైపు గురిపెట్టి బిగించండి. మీ పాత మైక్‌తోనే ఇది ముందు చేసి చూడండి. ఎక్స్‌టెన్షన్ తీగ మూడు కాంటాక్టులది తీసుకోవాలి, రెండు కాంటాక్టుల మోనో తీగ పెడితే ఒక చెవిలోనే వినిపించవచ్చు. 5 మీటర్లు దాటించొద్దు. ఈ తీగలు బ్యాలెన్స్‌డ్ (బయటి గరగరని రద్దు చేసే రకం) కావు, పొడవు పెరిగేకొద్దీ కరెంటు గుయ్యి, ఫోన్ సిగ్నల్ గరగర పట్టుకుంటాయి.

ఇంకో మాట, ఈ చర్చ చదివే వేరేవాళ్ల కోసం: మైక్ వెతికే ముందు కెమెరాకి మైక్ రంధ్రం ఉందో లేదో చూసుకోండి. కానన్ 1500డి, నికాన్ డి3500 లాంటి వాటికి అసలు లేదు. ఎం50కి ఉంది, కానీ హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. అంటే రికార్డయ్యేది అప్పటికప్పుడు వినలేరు.

---

టైప్‌సీ_తిప్పలు:

ఫోన్ సంగతి నేను చెప్తాను.

పాత మైక్ ప్లగ్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండుంటే టీఆర్ఎస్, మూడుంటే టీఆర్ఆర్ఎస్. కెమెరాలకి టీఆర్ఎస్ వస్తుంది: కొస ఎడమ, మధ్య రింగు కుడి, మొదలు గ్రౌండ్. ఫోన్ హెడ్‌సెట్ రంధ్రంలో నాలుగుంటాయి: కొస ఎడమ స్పీకరు, రెండోది కుడి స్పీకరు, మూడోది గ్రౌండ్, మొదట్లోది మైక్. మీ కెమెరా మైక్‌ని అందులో దోపితే మైక్ సిగ్నల్ పోయి స్పీకరు లైనుకి తగులుతుంది, ఫోన్ మైక్ లైను నేరుగా గ్రౌండ్‌కి కలిసిపోతుంది. "ఓహో, మైక్ లేని హెడ్‌ఫోన్ పెట్టారు" అనుకుని ఫోన్ తన మైక్‌నే వాడుకుంటుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే.

కానీ తప్పు కన్వర్టర్‌దీ కావచ్చు. టైప్-సి నుంచి 3.5 కన్వర్టర్లలో రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో వట్టి తీగలే ఉంటాయి, ఫోన్ తన టైప్-సిలోంచి అనలాగ్ ఆడియో బయటికి ఇస్తేనే అది పనిచేస్తుంది. చాలా ఫోన్లు ఇవ్వవు. రెండో దాంట్లో చిప్ ఉంటుంది, అది శబ్దాన్ని అక్కడే డిజిటల్‌గా మార్చి పంపుతుంది. ఈ రెండో జాతిలో కూడా పాటలు వినడానికి మాత్రమే చేసినవి ఉంటాయి, వాటికి మైక్ వైపు దారే ఉండదు. డబ్బా మీద "హెడ్‌ఫోన్ అడాప్టర్" అని మాత్రమే ఉంటే అనుమానించండి.

తేల్చుకోవడం తేలిక. మైక్ ఉన్న మామూలు తీగ ఇయర్‌ఫోన్లు ఆ కన్వర్టర్‌కి తగిలించి వాయిస్ రికార్డర్ తెరవండి. రికార్డవుతుండగా ఇయర్‌ఫోన్ తీగ మీది మైక్‌ని గోటితో గీకండి, తర్వాత ఫోన్ కింది అంచుని గీకండి. ఏ గీకుడు గట్టిగా వినిపిస్తే ఆ మైకే నడుస్తోంది. ఇయర్‌ఫోన్ మైక్ వినిపిస్తే కన్వర్టర్ మంచిదే, మీకు కావలసింది టీఆర్ఎస్ నుంచి టీఆర్ఆర్ఎస్ అడాప్టర్ ఒక్కటే. రోడ్ కంపెనీ ఎస్‌సీ4 అలాంటిదే. దీన్ని ఎస్‌సీ3తో తికమక పడొద్దు, అది తిరగేసినది: ఫోన్ మైక్‌ని కెమెరాకి పెట్టడానికి.

అన్నీ సరిగ్గా ఉన్నా పట్టకపోతే చూడవలసినవి: ఒప్పో, వివో, వన్‌ప్లస్, రియల్‌మీ ఫోన్లలో చాలావాటికి సెట్టింగ్స్‌లో ఓటీజీ (టైప్-సికి బయటి పరికరాలు తగిలించుకునే సౌకర్యం) ఆన్ చేయాలి, కొంతసేపు ఏమీ తగిలించకపోతే అది తనంతట తానే ఆగిపోతుంది. ఫోన్ కవరు మందంగా ఉంటే ప్లగ్ అర మిల్లీమీటరు బయటే ఉండిపోతుంది, కవరు తీసి చూడండి. మైక్ తగిలించాకే కెమెరా యాప్ తెరవండి, ముందే తెరిచి ఉంటే కొన్ని యాప్‌లు పాత మైక్‌నే పట్టుకుని ఉంటాయి. ఫోన్‌తో వచ్చిన కెమెరా యాప్ బయటి మైక్‌ని పట్టించుకోకపోతే ఓపెన్ కెమెరా పెట్టుకుని వీడియో సెట్టింగ్స్‌లో ఆడియో సోర్స్‌ని ఎక్స్‌టర్నల్ మైక్ చేయండి. శాంసంగ్ అయితే ప్రో వీడియోలోనే యూఎస్‌బీ మైక్ ఎంచుకునే చోటు ఉంది.

కొత్తది కొనేటట్టయితే నా లెక్కలో టైప్-సి సాకెట్టూ 3.5 సాకెట్టూ రెండూ ఉన్న మైక్ కొనాలి. రోడ్ వీడియోమైక్ గో 2 అలాంటిది. ఫోన్‌కి నేరుగా డిజిటల్, కెమెరాకి అనలాగ్, మధ్యలో ఈ అడాప్టర్ల గొలుసు ఉండదు. టైప్-సిలో నడుస్తున్నప్పుడు దాని 3.5 రంధ్రం హెడ్‌ఫోన్‌కి పనికొస్తుంది కూడా. ఇంకా చిన్నది కావాలంటే సెన్‌హైజర్ ఎంకేఈ 200. దీనికి రెండు రకాల తీగలూ డబ్బాలోనే వస్తాయి, కానీ అనలాగ్ మాత్రమే, మీ ఫోన్‌కి చిప్ ఉన్న కన్వర్టర్ తప్పదు.

---

వేకువ_ఫ్రేమ్:

ఇయర్‌ఫోన్లతో గీకి చూశాను, కన్వర్టర్ మంచిదే. ప్లగ్ మీద గీతలు రెండే. అంటే అడాప్టర్ తెచ్చుకోవాలన్నమాట. థ్యాంక్స్ అండి. మరి కెమెరాలో ఆ "స్స్స్" సంగతి? అది మైక్ పాతదవడం వల్లా?

---

లెవెల్_మీటరు:

మైక్‌ని అప్పుడే తిట్టకండి. మాట ఆగిన చోటే పెరుగుతోందంటే అది కెమెరా ఆటో లెవెల్ చేస్తున్న పని. మీరు మాట్లాడుతుంటే గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గిస్తుంది, ఆగగానే "శబ్దం తక్కువైంది" అని పైకి లాగుతుంది. లాగినప్పుడు కెమెరా లోపలి ప్రీయాంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే భాగం) హోరు, గదిలో ఫ్యాను హోరు రెండూ పైకి లేస్తాయి.

సౌండ్ రికార్డింగ్‌ని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చండి. కెమెరా పూర్తి ఆటో సీన్ మోడ్‌లో ఉంటే ఆ ఆప్షన్ కనబడకపోవచ్చు, మూవీ మాన్యువల్ ఎక్స్‌పోజర్‌కి వెళ్లి చూడండి. మీరు రికార్డింగ్‌లో ఎలా మాట్లాడతారో అదే గొంతుతో మాట్లాడుతూ, గట్టి మాటలు మీటరు మీద మైనస్ 12 దగ్గర తగిలేట్టు పెట్టుకోండి. నవ్వినా అరిచినా మైనస్ 6 దాటకూడదు. 0 తాకితే ఆ ముక్క చిరిగిపోయినట్టే, ఎడిటింగ్‌లో బాగుపడదు. అటెన్యుయేటర్ (మరీ గట్టి శబ్దాన్ని తగ్గించేది) ఆఫ్‌లో ఉంచండి, అది డప్పులు, స్టేజి సౌండ్ లాంటివాటికి. హెడ్‌ఫోన్ రంధ్రం లేదు కాబట్టి 20 సెకన్లు తీసి, కార్డులోది కంప్యూటర్‌లో వేసుకుని ఇయర్‌ఫోన్లలో విని, అప్పుడు అసలు పని మొదలెట్టండి.

ఇలాంటి కెమెరాల ప్రీయాంప్‌లు అంత గొప్పవి కావు. వాటిచేత తక్కువ పని చేయించాలి. మైక్ నుంచి వచ్చే సిగ్నల్ ఎంత గట్టిగా ఉంటే కెమెరా లెవెల్ అంత కిందికి దించొచ్చు, హోరు అంత తగ్గుతుంది. ప్లస్ 20 డీబీ స్విచ్చు ఉన్న మైకులు దీనికోసమే: మైక్ దగ్గర ప్లస్ 20 పెట్టి, కెమెరా లెవెల్‌ని దాదాపు అట్టడుగుకి తెచ్చి, అక్కడి నుంచి ఒక్కో గీతా పెంచుకోవాలి. రెండూ ఎక్కువ పెడితే మాత్రం మాట పగులుతుంది. ఆ పగులు మీటరు మీద కనబడదు, ఎందుకంటే పగిలేది కెమెరా ఇన్‌పుట్‌లో, మీటరుకి ముందే.

మీ మైక్‌కి బ్యాటరీ లేదన్నారు కాబట్టి అది కెమెరా మైక్ రంధ్రంలోంచి ఇచ్చే కొద్దిపాటి కరెంటు (ప్లగ్-ఇన్ పవర్) మీద నడుస్తోంది, ఆ స్విచ్చు ఉండదు. అంటే మీ చేతిలో ఉన్నది పైన ధ్వని_పని గారు చెప్పిన దూరం ఒక్కటే. అది తగ్గిస్తే కెమెరా గెయిన్ తగ్గించొచ్చు.

స్పెక్ షీటు చూసేటప్పుడు రెండు అంకెలు చాలు. సెన్సిటివిటీ: మైనస్ 42 కన్నా మైనస్ 33 గట్టి సిగ్నల్. సెల్ఫ్ నాయిస్ (మైక్ తనంతట తానే చేసే హోరు): డీబీఏలో ఇస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది, 20 దాటితే నిశ్శబ్దమైన గదిలో వినబడటం మొదలవుతుంది. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని గొప్పగా రాసేది అందరూ రాస్తారు, దాన్ని వదిలేయండి.

---

రెండు_గొంతులు:

పై వాళ్లందరూ ఒకే మైక్ చుట్టూ తిరుగుతున్నారు. ఇద్దరి సంభాషణ కూడా ఉందన్నారు కదా, అక్కడ కెమెరా మీది మైక్ కార్డియాయిడ్ అయినా షాట్‌గన్ అయినా ఒకరి నోటికే గురి ఉంటుంది. రెండు ట్రాన్స్‌మిటర్లు, ఒక రిసీవరు ఉన్న బుల్లి వైర్‌లెస్ సెట్ తీసుకుంటే మీ మూడు పనులూ దాంతోనే అయిపోతాయి. రోడ్ వైర్‌లెస్ గో 2, డీజేఐ మైక్ ఈ కోవలోవి. కెమెరాకి 3.5 తీగ, ఫోన్‌కి టైప్-సి.

కొనే ముందు ఆ మోడల్లో ట్రాన్స్‌మిటర్ లోపలే రికార్డయ్యే సౌకర్యం ఉందో లేదో చూడండి. ఇవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, వైఫైదీ అదే దారి. జనం ఎక్కువున్న చోట సిగ్నల్ తెగితే లోపలి రికార్డింగే కాపాడుతుంది. డబ్బా మీద రాసే 100, 200 మీటర్లు అడ్డం ఏమీ లేని మైదానంలో లెక్క. మనిషి ఒళ్లు చాలావరకు నీరే కాబట్టి ఈ తరంగాన్ని బాగా మింగేస్తుంది. మాట్లాడేవాళ్లు కెమెరాకి వీపు తిప్పినా, ట్రాన్స్‌మిటర్‌ని వెనక జేబులో పెట్టినా కొద్ది దూరానికే తెగవచ్చు. ఛాతీ మీదే పెట్టండి, షూటింగ్ ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆపేయండి.

ఇద్దరికీ వాడేటప్పుడు రిసీవర్‌ని స్ప్లిట్‌లో పెడితే ఒకరు ఎడమ ట్రాక్‌లో, ఇంకొకరు కుడి ట్రాక్‌లో పడతారు, ఎడిటింగ్‌లో ఒకరి దగ్గు విడిగా తీసేయొచ్చు. పని అయ్యాక రెండు ట్రాకుల్నీ మోనోగా కలపడం మరవకండి, లేకపోతే చూసేవాళ్లకి ఒక్కొక్కరు ఒక్కో చెవిలో మాట్లాడతారు. స్ప్లిట్‌ని ఫోన్‌కి 3.5 దారిలో పంపితే కుదరదు. పైన చెప్పిన నాలుగు కాంటాక్టుల్లో మైక్‌కి ఉన్నది ఒక్కటే, అంటే అది మోనో. టైప్-సి దారిలోనే రెండు ట్రాకులు వెళ్తాయి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ని మైక్‌గా వాడదామనే ఆలోచన ఉంటే వద్దు. మైక్ ఆన్ అవగానే చాలావరకు అవి ఫోన్ కాల్ నాణ్యతకి పడిపోతాయి, శాంపిల్ రేటు 8 లేదా 16 కిలోహెర్ట్జ్. వీడియోకి వాడేది 48.

---

ధ్వని_పని:

వైర్‌లెస్ మంచిదే, కాదనను. కానీ మూడు బ్యాటరీలు చార్జి చేసుకోవాలి, ఒకటి అయిపోతే పని ఆగుతుంది. గదిలో కదలకుండా కూర్చునే పనికి తీగ కాలర్ మైక్ చాలు. బోయా బీవై-ఎం1 లాంటిది తీసుకోండి, 6 మీటర్ల తీగ, ప్లగ్ టీఆర్ఆర్ఎస్. దాని చిన్న డబ్బా మీద ఒక స్విచ్చు ఉంటుంది: ఫోన్‌కి ఒక వైపు, కెమెరాకి ఇంకో వైపు. కెమెరా వైపున్నప్పుడు లోపలి ఎల్‌ఆర్44 బటన్ సెల్ వాడుకుంటుంది. "నా కాలర్ మైక్ చచ్చిపోయింది" అనేవాళ్లలో చాలామందికి స్విచ్చు తప్పు వైపు ఉంటుంది, లేదా స్విచ్చు కెమెరా వైపే వదిలేసి సెల్ అరగ్గొట్టి ఉంటారు. పని అయ్యాక స్విచ్చు ఫోన్ వైపుకి తిప్పేయండి.

---

వేకువ_ఫ్రేమ్:

ఆలోచిస్తే గదికి పాత మైక్, స్టాండు సరిపోయేలా ఉన్నాయి. బయట నడకకీ ఇద్దరి మాటలకీ రెండు ట్రాన్స్‌మిటర్ల వైర్‌లెస్ చూస్తాను. చివరి ప్రశ్న: కాలర్ దగ్గర ఎక్కడ పెట్టాలి, గాలికి ఏం చేయాలి? మైక్‌తో వచ్చే స్పాంజి చాలదా?

---

లెవెల్_మీటరు:

స్పాంజి నోటి ఊపిరికి, "ప", "ఫ" ల దెబ్బకి పనికొస్తుంది. బయట గాలికి చాలదు, బొచ్చు కవరు కావాలి. బొచ్చు గాలి వేగాన్ని మైక్ దాకా రాకముందే విడగొట్టేస్తుంది, లోపల కాస్త నిలకడ గాలి మిగులుతుంది. అందుకే బొచ్చు నిటారుగా ఉండాలి. సంచిలో నలిగి అణిగిపోతే దువ్వెనతో లేపండి, తడిస్తే పూర్తిగా ఆరేదాకా వాడొద్దు. ట్రాన్స్‌మిటర్ మీద తిప్పి లాక్ అయ్యే రకం కవరు తీసుకోండి, వేలితో దోపే రకం నడకలో ఊడిపోతుంది.

లో-కట్ ఉంటే బయట ఆన్ చేయండి, 75-100 హెర్ట్జ్ కింద ఉన్న దుడదుడ పోతుంది. కెమెరా మెనూలోని విండ్ ఫిల్టర్‌ని మాత్రం నమ్ముకోకండి, ఎం50లో అది కెమెరా సొంత మైక్ కోసం. గాలి దెబ్బకి మైక్ లోపలి పొరే అంచులు తాకితే ఆ తర్వాత ఏ ఫిల్టరూ చేసేదేమీ లేదు, కవరు ముందే ఉండాలి.

చోటు: గడ్డం కింద 15-20 సెంటీమీటర్లు, ఛాతీ మధ్యలో. మరీ మెడకి ఆనించి పెడితే గడ్డం నీడలో పడి మాట మందంగా వస్తుంది. ఓణీ, కండువా, లాకెట్, ఐడీ కార్డు తగలకుండా చూడండి. సిల్కు, నైలాన్ బట్ట గరగరలాడుతుంది, నూలు మేలు. తీగ కాలర్ మైక్ అయితే మైక్ కింద తీగని ఒక చిన్న చుట్టు చుట్టి క్లిప్‌లోనే నొక్కిపెట్టండి, తీగ లాగినా ఆ కుదుపు మైక్ దాకా పోదు.

రిసీవర్‌ని ఎం50 హాట్‌షూకి (కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే గాడి) పెట్టుకుంటే తీగ ఎడమ వైపు రంధ్రానికి వెళ్తుంది, తిప్పే స్క్రీన్ కూడా అదే వైపు తెరుచుకుంటుంది. నిటారు ప్లగ్ అయితే అడ్డొస్తుంది, ఎల్ ఆకారం ప్లగ్ ఉన్న పొట్టి తీగ తెచ్చుకోండి.